ఊమంత్రిగారి కొలువు

మానవజాతి మొట్టమొదటి ‘ఊ’ ఎప్పుడు కొట్టిందో రికార్డుల్లో లేదు. నిప్పు రాజేసినవాడికీ, చక్రం దొర్లించినవాడికీ పాఠ్యపుస్తకాల్లో బొమ్మలతో సహా చోటిచ్చారు గాని, ఆ చక్రాన్ని తానెలా దొర్లించాడో వాడు చెప్పుకుంటూంటే ఎదురుగా గొంతుక్కూచుని ఊ కొట్టినవాడి ఊసు ఏ చరిత్రకారుడూ ఎత్తలేదు. వాడే లేకపోతే చక్రం సంగతి రెండో మనిషికి తెలిసేది కాదు. ఇంత పెద్ద అన్యాయాన్ని ఒక్క పూటలో సరిచేయడం ఎవరి తరమూ కాదు కాబట్టి, ప్రస్తుతానికి ఒక్క మనిషి ఊ చరిత్రతో తృప్తిపడాలి.

ఆ మనిషి తన మొదటి ఊని ఆరో ఏట, ఒక ఆదివారం మధ్యాహ్నం రెండూ పదికి, వరండాలో పేము కుర్చీ పక్కన కొట్టాడు. కుర్చీలో ఉన్నది తాతయ్య. ఆయన ముప్పయ్యొక్క ఏళ్లు సర్వే శాఖలో భూములు కొలిచి రిటైరయ్యారు. అంత సర్వీసులోంచీ ఆయనకు మిగిలింది ఒకే ఒక్క కథ. కొలతలకు వాడే ఇనప గొలుసు ఒకటి వాగులో పడిపోవడం, దాని కోసం ముగ్గురు ఉద్యోగులు నాలుగు రోజులు మొలలోతు నీళ్లలో వెదకడం, చివరికి అది పై అధికారి జీపులో సీటు కింద దొరకడం. ఇది చెప్పడానికి ఆయనకు గంటన్నర పట్టేది. నాన్న, బాబాయి, పెద్దమ్మ వంతులవారీగా విని వంతులవారీగా తప్పుకున్నారు. అక్కకు హోంవర్కు ఉంది. ఆ హోంవర్కు ఆవిడ పెళ్లయ్యేదాకా పూర్తి కాలేదు. మిగిలింది ఇతనొక్కడే.

తాతయ్య కథకు ఒక నియమం ఉంది. రెండు వాక్యాలకొక ఊ పడాలి. పడలేదంటే వినడం లేదని అర్థం. వినలేదు కాబట్టి మళ్లీ మొదటి నుంచి. అలాగని తొందరపడి కొట్టినా నేరమే.

"ఇంకా గొలుసు పడలేదుగా, దేనికిరా ఊ?"

"పడబోతోందని, తాతయ్యా."

"పడబోయేదానికి ఊ ఉండదు. పడ్డాక కొట్టు."

అలా ఏడాది తిరిగేసరికి ఆ పిల్లవాడికి కొలత దొరికింది. వాక్యం ముగిశాక ఒక్క రెప్పపాటు. అంతకు ముందయితే తొందర, ఆ తర్వాతయితే నిర్లక్ష్యం. ఎనిమిదో ఏట కథను ఒక్క ఎదురుదెబ్బ లేకుండా వాగు దాటించి జీపు దాకా తీసుకువెళ్లిన రోజున తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నా రాజ్యంలో ఉన్నదే ఇద్దరం. నేను రాజుని, వీడు ఊమంత్రి" అని ప్రకటించారు. రాజ్యం పోయింది, రాజు పోయారు, ఆ పేరు మాత్రం నిలబడింది. అసలు పేరు రేషను కార్డులో ఉంది.

కథ జీపు దాకా రాకముందే భోజనాల వేళయితే, తాతయ్యను ఆపగలిగింది అమ్మ ఒక్కతే. ఎలా ఆపేదో ఊమంత్రి ఏనాడూ గమనించలేదు. ఆ అశ్రద్ధకు అతను ఇరవయ్యొక్క ఏళ్ల తర్వాత చాలా ఇబ్బంది పడ్డాడు.

ఊమంత్రి డిగ్రీలో మూడు సబ్జెక్టులు చదివాడు. మూడూ ఒకదానికొకటి తెలియనట్టు ఉండేవి, అతనికీ అవి అంతే. ఆ తర్వాత ఒక ఫ్రిజ్‌ల కంపెనీవారి ఫిర్యాదుల విభాగంలో ఫోనెత్తే ఉద్యోగం దొరికింది. అక్కడ ఒక్కో ఫోనుకు నాలుగు నిమిషాలు మించకూడదు. ఊమంత్రి సగటు ఇరవయ్యారు. ఐసు గడ్డకట్టడం లేదని ఫోను చేసినావిడ, ఇతని రెండో ఊ దగ్గర ఫ్రిజ్ సంగతి వదిలేసి, ఆ ఫ్రిజ్ కొనిపెట్టిన ఆడబిడ్డ సంగతి మొదలుపెట్టేది. ఆరో ఊకి ఆడబిడ్డ అత్తగారు వచ్చేది. ఫ్రిజ్ బాగయ్యేది కాదు గాని ఆవిడ గుండె బరువు దిగేది. సూపర్‌వైజరు మంచి మనిషి. పిలిచి కుర్చీ చూపించాడు.

"మీ మీద కంప్లైంటేం లేదండీ. అదే ఇబ్బంది. కంప్లైంటు చెయ్యడానికి ఫోన్ చేసినవాళ్లు కూడా చెయ్యట్లేదు."

"ఊ."

"చూశారా, ఇప్పుడు నాకే మా ఇంటి విషయాలు చెప్పాలనిపిస్తోంది. ఈ నెలతో ఆపేద్దాం."

అలా ఊమంత్రి ఇరవైతొమ్మిదో ఏట అక్కా బావల ఇంటి ముందుగదిలోకి, దివాన్ మీదికి చేరాడు. బావకు స్నానాలగది సామాన్ల కొట్టుంది. అందులో ఒక గోడ నిండా తెల్ల చెక్కకు బిగించిన అరవై రెండు కుళాయిలు. వాటి వెనక పైపు గాని నీళ్లు గాని లేవు. బావ దృష్టిలో బామ్మర్దికి ఇంతకంటే తగిన చోటు లేదు.

"వచ్చి కొట్లో కూచోరా. కుళాయిలు నీతో కష్టాలు చెప్పుకోవు" అన్నాడు.

కూచున్నాడు. కుళాయిలు చెప్పుకోలేదు గాని మనుషులు వాటితో పడే అవస్థ అతని కంట్లో పడింది. కొట్టుకొచ్చిన ప్రతివారూ నీళ్లు లేని కుళాయిని విప్పి, దాని కింద చెయ్యి పెట్టి, ఒక్క క్షణం ఆగేవారు. ఏమీ రాకపోతే ఇంకొంచెం గట్టిగా తిప్పేవారు. నీళ్లు లేవని తెలిసినవాళ్లూ అంతే. ఊమంత్రి ఒక గీతల పుస్తకం కొన్నాడు. ఎవరు ఏ కుళాయిని ముందు ఎటు తిప్పారో, తర్వాత ఎటు తిప్పారో, ఎన్నోసారికి దాని వైపు కాకుండా మనిషి వైపు చూశారో రాయడం మొదలుపెట్టాడు. మూడు వారాల్లో పుస్తకం నిండింది.

"కొన్నవాళ్ల గురించి పట్టించుకోరా అంటే తిప్పినవాళ్ల గురించి రాస్తున్నావేంట్రా" అన్నాడు బావ.

"కొన్నవాళ్లు మాట్లాడకుండా వెళ్లిపోతారు బావా. తిప్పినవాళ్లే ఏదో అడుగుతున్నట్టుంది."

"ఎవర్ని?"

"కుళాయిని."

బావ అక్క వైపు చూశాడు. అక్క ఆ వేళ కొట్లో లేదు, అయినా ఆవిడ ఉండే దిక్కుకు చూశాడు.

ఒక రోజు కళ్లజోడు నెత్తి మీదకు తోసుకున్న ఒక మేడమ్ వచ్చింది. నలభయ్యో నంబరు కుళాయిని, ఒకే ఒక్క పిడి ఉన్న కొత్తరకం దాన్ని, కుడికి తిప్పింది, ఎడమకు తిప్పింది, నొక్కింది. తర్వాత ఊమంత్రి వైపు చూసింది.

"పైకెత్తాలండీ. తప్పు మీది కాదు. ఈ నెలలో మీరు ముప్పయ్యయిదోవారు. ముప్పై ఇద్దరు ఇదే వరసలో చేశారు. ఇద్దరు మాత్రం చూడగానే ఎత్తారు, వాళ్లు ప్లంబర్లు."

మేడమ్ ఆ పుస్తకం ఇమ్మని అడిగింది. పుట్టి బుద్ధెరిగాక అతను చూసినదాన్ని ఇంకొకరు అడిగి మరీ చూడటం అదే మొదలు. ఆవిడ నిలబడే పదకొండు పేజీలు చదివింది. ఊమంత్రికి చెరిపేయాలనిపించిన వాక్యాలన్నీ అప్పుడే కనపడ్డాయి.

ఆవిడకు పదకొండుమంది పనిచేసే చిన్న కంపెనీ ఉంది. టోకెన్ యంత్రాల తెరలు తయారుచేస్తారు. ఒక పెద్దాస్పత్రి టెండరు ఆ మర్నాడే వేయాలి. దరఖాస్తు చివరి పేజీలో ‘ఇంటరాక్షన్ డిజైనర్ పేరు’ అని ఒక గడి ఉంది, ఖాళీగా వదిలితే దరఖాస్తు చెల్లదు. కంపెనీలో ఆ పేరు గల పని చేస్తున్నవారు ఎవరూ లేరు. కుళాయి కొంటే మనసు కాస్త కుదుటపడుతుందని వచ్చింది.

"యంత్రానికీ మనిషికీ మధ్య జరిగేది చూసుకోవాలి" అంది.

"ఏం జరుగుతుందండీ?"

"అదే మీరు చూడాలి. మూడు నెలలు ట్రయల్. మీ పేరేంటి?"

వృత్తుల చరిత్రలో ఎంతమంది ఎన్ని దారుల్లో తమ తమ రంగాల్లోకి ప్రవేశించారో తెలియదు గాని, ఒక గడి ఖాళీగా ఉన్నందువల్ల అందులోకి నడిచి వెళ్లినవాడు ఊమంత్రి.

ఇంట్లో ఈ వార్తను నిలబెట్టి విచారించారు.

"ఏం ఉద్యోగంరా? ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి?" అంది అక్క.

"యంత్రం ముందు మనుషులు ఎలా నడుచుకుంటారో చూడటం, అక్కా."

"అంటే వాచ్‌మనా?"

"కాదే. బొమ్మలు గీయాలి కూడా."

"బొమ్మలు గీసే వాచ్‌మన్" అని బావ ముగించి, షరతు పెట్టాడు. "సరే, మూణ్ణెల్లు వెళ్లు. పర్మనెంట్ చేస్తే నేనే స్వీట్లు పంచుతా. చెయ్యకపోతే మాత్రం, ఇంకే ఊహలూ పెట్టుకోకుండా కొట్లోకొచ్చి కూచోవాలి. ఈ జన్మకి అదే. మాటిస్తావా?"

ఊమంత్రి అలవాటు కొద్దీ ఊ అన్నాడు. అన్నాక గాని అది ఒప్పుకోలు కిందికి వస్తుందని తట్టలేదు.

ఆఫీసులో అతనికి జిరాక్సు మిషను పక్కన కుర్చీ వేశారు. మిషను నడుస్తున్నప్పుడల్లా మోచేతికి వెచ్చగా తగిలేది. తెరల వెనక పని మొత్తం చేసే ప్రోగ్రామరును అందరూ గడ్డం అని పిలిచేవారు, ఆ గడ్డం గీయించేశాక కూడా. మొదటి రెండు నెలలూ ఊమంత్రి పుస్తకాలు చదివి, పెన్సిలుతో చదరాలు గీసి, మీటింగుల్లో ఊ కొట్టాడు.

"గురూ, నువ్వొచ్చాక మీటింగులు చాలా బాగా జరుగుతున్నాయి" అన్నాడు గడ్డం. "ఏదీ తేలట్లేదు గాని, బాగా జరుగుతున్నాయి."

టెండరు వచ్చింది. ఆస్పత్రి హాల్లో యంత్రం పెట్టారు. పెట్టిన రోజు పదకొండు గంటలకల్లా హాల్లో నాలుగొందల మంది రోగులున్నారు, వాళ్ల చేతుల్లో మూడు వేల నూట పద్దెనిమిది టోకెన్లున్నాయి.

జరిగింది ఇది. బటన్ నొక్కగానే యంత్రం నంబరు కోసం ఆస్పత్రి నేలమాళిగలో ఉన్న పాత కంప్యూటరును అడగాలి. అది తీరిగ్గా చూసి చెప్పడానికి ఏడు సెకన్లు పడుతుంది. ఆ ఏడు సెకన్లూ తెర ఉలకదు పలకదు. మనిషన్నవాడు మళ్లీ నొక్కుతాడు. కంప్యూటరు పాతదే గాని నిజాయితీ గలది, ఎన్నిసార్లు అడిగితే అన్ని నంబర్లూ ఇస్తుంది. హాల్లో జనం టోకెన్లను పేకముక్కల్లా విప్పి పట్టుకున్నారు. మైకులో నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి పిలుస్తుంటే, పిలిచిన నంబరు తమ ముక్కల్లో ఉందో లేదో వెదుక్కునేలోగా ఇంకోటి పిలుస్తున్నారు. మోకాలి నొప్పితో వచ్చిన ఒకాయన నంబర్లు నాలుగుసార్లు తగిలాయి. నాలుగుసార్లూ లోపలికి వెళ్లాడు. డాక్టరుగారు నాలుగుసార్లూ అవే మాత్రలు రాశారు.

ఆస్పత్రి సూపరింటెండెంటు ఉత్తరం రాశాడు. పది రోజుల్లో సరిచేయండి, లేదా యంత్రాన్ని తీసుకుపొండి. ఊమంత్రి మూడు నెలలకు మిగిలింది కూడా సరిగ్గా పది రోజులే. యంత్రం వెనక్కి వస్తే ఆ గడితో పనిలేదు, గడితో పనిలేకపోతే అతనితోనూ లేదు. మేడమ్ ఈ మాట మర్యాదగానే చెప్పింది. బావ అదే వారం కొట్లోకి మెత్త కుట్టించిన కొత్త స్టూలు తెచ్చి కౌంటరు వెనక పెట్టించాడు. అది ఎవరి కోసమో ఎవరూ అడగలేదు.

గడ్డం సమస్యను ఒక్క ముక్కలో తేల్చేశాడు. "తప్పు జనానిది. చెప్పాలి, అంతే." తెర మీద ఆకుపచ్చ పెట్టెలో ‘ఒక్కసారి మాత్రమే నొక్కండి’ అని పెట్టాడు. జనం ఆ పెట్టెను నొక్కారు. దాని కింద ఎర్ర పెట్టెలో ‘ఇది బటన్ కాదు’ అని పెట్టాడు. దాన్ని ఇంకాస్త గట్టిగా నొక్కారు.

మూడో రోజు నుంచి ఊమంత్రి గీతల పుస్తకం పట్టుకుని యంత్రానికి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఒకాయన గొడుగు కొసతో నొక్కాడు. ఒకావిడ ముందు మెత్తగా, తర్వాత ఎవరింటి తలుపో తడుతున్నట్టు, ఆ తర్వాత లోపలివాళ్లకు చెవుడేమో అన్నట్టు నొక్కింది. మొదటి నొక్కుకీ రెండో నొక్కుకీ మధ్య ప్రతివారూ ఒక రెప్పపాటు ఆగడం మాత్రం తప్పలేదు. ఆగి, తెరలోకి ఓ చూపు చూసేవారు. ఆ చూపు ఊమంత్రికి తెలుసు. పేము కుర్చీలోంచి రెండు వాక్యాలకొకసారి తన మీద పడిన చూపే అది. వీళ్లు మళ్లీ నొక్కడం లేదు. మొదటి నుంచి చెబుతున్నారు.

అతను యంత్రం వెనక్కి వెళ్లాడు. ఎవరో నొక్కారు. రెప్పపాటు ఆగి, "ఊ" అన్నాడు.

ఆ మనిషి చెయ్యి దించేసి నిలబడ్డాడు. ఏడు సెకన్లకు టోకెన్ వచ్చింది. తీసుకుని వెళ్లిపోయాడు. ఊమంత్రి భోజనం కూడా మానేసి సాయంత్రం దాకా యంత్రం వెనకే ఉండి మూడు వందల తొంభయ్యారు ఊలు కొట్టాడు. మూడు వందల తొంభయ్యారు టోకెన్లు వచ్చాయి.

మర్నాడు ఆఫీసులో సంచలనం. యంత్రం వెనక మనిషిని శాశ్వతంగా పెట్టడం టెండరులో లేదు కాబట్టి ఊని రికార్డు చేయాలన్నారు. జిరాక్సు మిషను ఆపేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఊమంత్రి చేత నలభై ఒక్క ఊలు అనిపించారు. వినయంగా ఒకటి, అధికారికంగా ఒకటి, జలుబు చేసినట్టు ఒకటి, అన్నీ తెలిసిన పెద్దమనిషిలా ఒకటి. ఎంపికకు సూపరింటెండెంటు స్వయంగా వచ్చి, కళ్లు మూసుకుని విన్నాడు. పదిహేడోది పొడుగ్గా, మెత్తగా, ‘చెప్పు, నేనున్నాను’ అన్నట్టు ఉంది. దాని దగ్గర కళ్లు తెరిచాడు.

"ఇదే. ఇందులో ఆప్యాయత ఉంది."

"సార్, అది కొంచెం..." అన్నాడు ఊమంత్రి. ఆ ఊ ఫ్రిజ్‌ల కంపెనీలో తన ఉద్యోగం తీసిన ఊ. ఆ సంగతి ఇంత పెద్దవారి ముందు ఎలా చెప్పాలో తేల్చుకునేలోగా పదిహేడు ఖాయమైంది.

ఆరో రోజున యంత్రం నోరు విప్పింది. మొదట వచ్చిన ముసలావిడ బటన్ నొక్కింది. "ఊఁ" అంది యంత్రం, రెప్పపాటు ఆగి, ఎంతో ఆప్యాయంగా. ముసలావిడ సంచి కింద పెట్టింది.

"నిన్నట్నుంచి ఎడం పక్కన పట్టేసినట్టుంది నాయనా" అని, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల చెయ్యి తట్టే అలవాటున్న మనిషి కాబట్టి, తెరను తట్టింది.

"ఊఁ" అంది యంత్రం.

"పడుకుంటే పర్లేదు. లేస్తేనే." తట్టింది.

"ఊఁ."

ఆవిడ ఎడం పక్క నుంచి కోడలికి, కోడలి నుంచి కోడలి ఉద్యోగానికి వచ్చి, పద్దెనిమిది నిమిషాల్లో ఇరవయ్యొక్క టోకెన్లు సంపాదించింది. వెనక వరుస రోడ్డు దాకా పాకింది. వరుసలో ఎవరూ విసుక్కోలేదు. తమ వంతు వచ్చాక ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నారు. మధ్యాహ్నానికి పదిహేను మంది యంత్రంతో మాట్లాడి, డాక్టరును చూడకుండానే ఇంటికి వెళ్లిపోయారు.

"అదేంటమ్మా, డాక్టరు గారిని కలవరా?" అని ఊమంత్రి ముసలావిడను అడిగాడు.

"ఆయన ఇంత సేపు వినరు బాబూ" అంది ఆవిడ, టోకెన్లన్నీ మడిచి సంచిలో పెట్టుకుంటూ.

ఏడో రోజు యంత్రం గొంతు తీసేశారు. సూపరింటెండెంటు ఫోనులో ఏమన్నాడో మేడమ్ చెప్పలేదు, కళ్లజోడు మాత్రం నెత్తి మీద నుంచి దించుకుంది.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఊమంత్రి తల వంచుకుని కూచున్నాడు. బావ మంచి ఊపు మీద ఉన్నాడు.

"ఇందులో చిన్నబోయేదేం లేదురా. అందరూ అన్నీ చెయ్యలేరు. రేపు ఒకటో తారీఖు నుంచీ నలభయ్యో నంబరు నుంచి అరవై రెండు దాకా నీ చేతికిస్తా. ఆ కొత్తరకాల గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. నేను మొదలుపెట్టిన రోజుల్లో, తెలుసా, మొత్తం రెండే రకాలు. ఒకటి ఇత్తడిది. ఆ ఇత్తడి దాని సంగతి చెప్పాలంటే..."

వంటగదిలోంచి అక్క వచ్చింది. మాట్లాడుతున్న మొగుడి చేతిలో ఒక ఖాళీ గ్లాసు పెట్టి, వెనక్కి తిరిగి వంటగదిలోకి వెళ్లిపోయింది.

బావ ఆగాడు. ఇత్తడి కుళాయి నోట్లోనే ఉండిపోయింది. గ్లాసు పట్టుకుని వంటగది గుమ్మం వైపు చూస్తూ కూచున్నాడు. లోపల బిందెలో చెంబు ముంచిన చప్పుడు. ఎక్కడా తొందర లేదు. అక్క తీరిగ్గా వచ్చి గ్లాసులోకి నీళ్లు వంచేదాకా ఆ మనిషి నోట మాట లేదు, ముఖంలో అసహనమూ లేదు.

ఊమంత్రికి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పేము కుర్చీ, వరండా, వాగు సగంలో ఆగిపోయిన గొలుసు, తాతయ్య చేతిలో ఖాళీ గ్లాసు. అమ్మ లోపలికి వెళ్లి ఎంతసేపటికీ వచ్చేది కాదు. తాతయ్య కిక్కురుమనేవారు కాదు.

"అక్కా, ముందు ఖాళీ గ్లాసెందుకిస్తావు? నీళ్లు పోసే తేవచ్చుగా?"

"నీళ్లు తెచ్చేదాకా ఎవడు భరిస్తాడురా?" అంది అక్క, భర్త వినేలాగే. "గ్లాసు చేతిలో పడితే ఇక వస్తాయని ఊరుకుంటారు. అమ్మ నేర్పింది."

"నన్ను ఇన్నేళ్లుగా ఇలా నోరు మూయిస్తున్నావా నువ్వు?" అన్నాడు బావ.

"తాగండి" అంది అక్క.

ఎనిమిదో రోజు పొద్దున్నే ఊమంత్రి గడ్డం బల్ల ముందు నిలబడ్డాడు. టోకెన్ కాగితం పైన ఆస్పత్రి పేరు, బొమ్మ, తేదీ ఉంటాయి. వాటికి నేలమాళిగను అడగనక్కర్లేదు. నొక్కిన రెప్పపాటుకే ఆ పై భాగం అచ్చయి కాగితం రెండంగుళాలు బయటికి రావాలి. నంబరు వచ్చాక మిగతాది.

"లాగేస్తారు గురూ. నంబరు లేకుండా చించుకుపోతారు."

"లాగరు. పట్టుకుంటారు. పట్టుకున్న చెయ్యి మళ్లీ నొక్కదు."

"ఎవరు చెప్పారు?"

"మా అక్క."

గడ్డం చాలా పుస్తకాల పేర్లు చెప్పేవాళ్లను చూశాడు గాని ఇంత ధీమాగా చెప్పినవాణ్ని చూడలేదు. ప్రోగ్రాము రాత పనంతా ఆ రోజే చేసేశాడు. తొమ్మిదో రోజు సాయంత్రానికి యంత్రం కాగితాన్ని నాలుక చాపినట్టు చాపడం నేర్చుకుంది.

పదో రోజు సూపరింటెండెంటు హాల్లో కుర్చీ వేయించుకుని కూచున్నాడు. మేడమ్ గోడకు ఆనుకుంది. మొదటి మనిషి నొక్కాడు. కాగితం కొస బయటికొచ్చింది. అతను దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పక్కవాడితో వాన సంగతి మాట్లాడాడు. ఏడు సెకన్లకు నంబరు వచ్చింది. తర్వాత గొడుగాయన వచ్చి, కొసతో నొక్కి, గొడుగు చంకలో పెట్టుకుని కాగితం పట్టుకున్నాడు. ముసలావిడ మళ్లీ వచ్చింది. కాగితం పట్టుకుని తెర వైపు కాసేపు చూసింది.

"ఇవ్వాళ మాట్లాడట్లేదేం?" అని ఊమంత్రిని అడిగింది.

"పనిలో ఉందమ్మా."

మధ్యాహ్నానికి రోగులు నాలుగు వందల పన్నెండు మంది, టోకెన్లు నాలుగు వందల పదహారు. అదనంగా వచ్చిన నాలుగూ నంబరు రాకముందే కాగితం లాగేసినందువల్ల వచ్చినవి. ఆ నాలుగూ లాగింది సూపరింటెండెంటు. పరీక్షించాలిగా అన్నాడు. యంత్రం ఉండిపోయింది.

శనివారం మేడమ్ ఊమంత్రిని పిలిచి, ఉద్యోగం స్థిరపడిందని, ఇకపై దేశంలో ఎన్ని ఆస్పత్రులకు యంత్రాలు వెళ్లినా వాటి నాలుక అతనిదేనని చెప్పింది. లాంఛనం ఒక్కటి మిగిలింది. కంపెనీ వెబ్‌సైటులో అతని పేరు మీద ఒక పేజీ తెరిచారు. దాని అడుగున ‘అంగీకరిస్తున్నాను’ అని బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే నియామక పత్రం అచ్చయి, సంతకం పడి, పోస్టులో ఇంటికి వస్తుంది.

ఇలాంటి ఘట్టం ఆ ఇంట్లో ఇంతకు ముందు జరగలేదు. అక్క భోజనాల బల్ల తుడిచి కంప్యూటరు దాని మధ్యలో పెట్టింది. బావ కొట్టు గంట ముందే కట్టేసి, మాట ప్రకారం స్వీట్ల పెట్టె తెచ్చి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక నిలబడ్డాడు. కౌంటరు వెనక మెత్త స్టూలు మీద ఇక తానే కూచుంటానని, తన నడుముకూ మంచిదని ప్రకటించాడు. ఊమంత్రి చేతులు కడుక్కుని వచ్చాడు. ఆరో ఏట వరండాలో మొదలైన చరిత్రంతా అతని కుడిచేతి చూపుడువేలి కొసకు చేరింది. నొక్కాడు.

తెర అలాగే ఉంది.

"నొక్కావా?" అన్నాడు బావ.

"నొక్కాను."

"పడినట్టు లేదు. మళ్లీ నొక్కు."

గురువారం పోస్టులో నియామక పత్రాలు తొమ్మిది వచ్చాయి.